ఫోన్‌కి సెలవు పెట్టాలంటే: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

“కొన్నాళ్ళు సోషల్ మీడియాకి దూరంగా ఉంటున్నాను” అని సోషల్ మీడియాలోనే పోస్టు పెట్టి, దానికి ఎవరెవరు ఏమన్నారో చూసుకోవడానికి అరగంటకోసారి లోపలికి వెళ్ళొచ్చిన మనిషిని నేను. ఒకసారైతే పొరపాటనుకోవచ్చు. మూడుసార్లు చేశాను. ఆ తర్వాత యాప్‌లకి టైమ్ లిమిట్లు పెట్టాను, ఫోన్‌ని నలుపు తెలుపు చేశాను, కీప్యాడ్ ఫోన్ కొన్నాను, నెల రోజులు అకౌంట్ ఆపేశాను. వీటిలో ఒకటి బాగా పనిచేసింది, ఒకటి కొంచెం పనిచేసింది, మిగతావి మూడు నాళ్ళ ముచ్చటే. పనిచేయనప్పుడల్లా పట్టుదల లేదని నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు వెనక్కి చూస్తే నా జబ్బు ఒకటి, నేను వేసుకున్న మందు ఇంకొకటి.

అందుకని ఏ పద్ధతి మంచిదో తర్వాత చూద్దాం. ముందు మిమ్మల్ని పట్టుకున్నది ఏమిటో తేలాలి. అది తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ముందు ఒక వారం ఏమీ మార్చకండి

ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ సెట్టింగ్స్‌లోనే ఉంటాయి. రెండూ 2018లో వచ్చినవి. చాలామంది వాటిని తెరవగానే మొత్తం గంటలు చూసి గుండె బాదుకుంటారు. నిజానికి అన్నిటికంటే పనికిరాని అంకె అదే. దారి వెతికిన మ్యాపూ, ఇంట్లోవాళ్ళతో వీడియో కాలూ, అర్ధరాత్రి దాటాక చూసిన రీల్సూ అన్నిటినీ అది ఒకే గాటన కట్టేస్తుంది. చూడాల్సినవి వేరే ఉన్నాయి: రోజుకి ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి, ఫోన్ ఎన్నిసార్లు తీశారు, తీయగానే మొదట ఏ యాప్‌లోకి వెళ్ళారు (ఐఫోన్ దీన్ని విడిగా చూపిస్తుంది), పడుకునే ముందు గంటలో ఏం చూశారు.

నోటిఫికేషన్లు కుప్పలుగా వచ్చి, అవి వచ్చినప్పుడల్లా మీరు ఫోన్ తీస్తుంటే, మిమ్మల్ని లాగుతున్నది చప్పుడు. నోటిఫికేషన్లు తక్కువే ఉన్నా పదే పదే ఫోన్ తీసి, నిమిషం కూడా ఉండకుండా మూసేస్తుంటే, అది చేతి అలవాటు. లిఫ్ట్ కోసం నిలబడ్డా, ఫైల్ డౌన్‌లోడ్ అయ్యేదాకా ఆగాల్సి వచ్చినా చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఫోన్ తీసేది తక్కువసార్లే, కానీ తీస్తే గంటన్నర కదలరు అంటే, అది తప్పించుకోవడం. ఎదురుగా ఏదో పని ఉంది, లేకపోతే ఏదో దిగులు ఉంది. దాని మొహం చూడకుండా ఉండటానికి ఫోన్ అడ్డం పెట్టుకుంటున్నాం.

ఈ మూడూ కలగలిసి ఉన్నవాళ్ళే ఎక్కువ, నాతో సహా. అయినా వారం రోజులు గమనిస్తే ఒకటి మిగతా రెండిటికంటే పెద్దగా కనిపిస్తుంది. మందు దానికే వేయాలి.

చప్పుడు లాగుతుంటే

ఇది అన్నిటికంటే తేలికైన కేసు. అకౌంట్లు మూయక్కర్లేదు, కొత్త యాప్ అక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. మనుషులు పంపేవి ఉంచి, యంత్రాలు పంపేవి ఆపేయండి. “ఫలానా వ్యక్తి చాలా రోజుల తర్వాత ఫోటో పెట్టారు” అని మీకు ఏ మనిషీ కూర్చుని రాసి పంపలేదు. మీరు కాసేపు కనిపించకపోతే వెనక్కి పిలవడానికి యాప్ వేసే గాలం అది.

ఇక్కడ ఎంచుకోవాల్సింది ఒకటుంది. నోటిఫికేషన్లు మొత్తం ఆపేయడమా, లేక రోజుకి రెండు మూడుసార్లు గుంపుగా తెప్పించుకోవడమా? మొత్తం ఆపేస్తేనే ప్రశాంతత అనిపిస్తుంది. కానీ 2019లో వచ్చిన ఒక పరిశోధనలో ఇది తిరగబడింది. కొందరికి నోటిఫికేషన్లు ఎప్పటిలాగే వచ్చాయి, కొందరికి రోజుకి మూడుసార్లు గుంపుగా వచ్చాయి, కొందరికి అసలు రాలేదు. మూడుసార్లు వచ్చినవాళ్ళకి ధ్యాస నిలబడింది, టెన్షన్ తగ్గింది. అసలు రానివాళ్ళకి మాత్రం, ఏదో జరుగుతోంది, తమకి తెలియడం లేదు అన్న ఆత్రం పెరిగింది. పూర్తి నిశ్శబ్దంలో చెవి ఇంకా రిక్కించుకుంటుంది కాబోలు. నేనైతే గుంపు పద్ధతికే ఓటేస్తాను. ఐఫోన్‌లో 2021 నుంచి ‘షెడ్యూల్డ్ సమ్మరీ’ అని ఇదే పని చేసేది ఉంది. మీ ఫోన్‌లో అలాంటిది లేకపోతే చప్పుడు ఆపేసి, మీరే మూడు వేళలు పెట్టుకుని చూడండి, అంతే.

“అర్జెంటుగా ఎవరైనా చేస్తే?” అనే భయం అందరికీ ఉంటుంది. డూ నాట్ డిస్టర్బ్‌లో ఉన్నా కావలసినవాళ్ళ కాల్స్ మోగేలా పెట్టుకోవచ్చు. ఇంకా, అదే మనిషి వెంటనే రెండోసారి చేస్తే మోగేలా కూడా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల్లోపు. అర్జెంటు ఉన్నవాళ్ళు ఎలాగూ రెండోసారి చేస్తారు. వాట్సాప్ గ్రూపుల్ని ‘ఆల్వేస్’ మ్యూట్‌లో పెట్టి ఆర్కైవ్ చేస్తే, కొత్త మెసేజ్ వచ్చినా పైకి తేలవు. గ్రూపులోంచి బయటికి వచ్చి నలుగురి నోళ్ళలో పడేకంటే ఇది నయం.

రోగం చప్పుడైతే ఇక్కడితో ఆగిపోవచ్చు. కింద చెప్పేవన్నీ మీకు ఎక్కువ మోతాదు.

చెయ్యి దానంతటదే వెళ్తుంటే

దీని వెనక కొంత ఇంజనీరింగ్ ఉంది. వేలితో కిందికి లాగి వదిలితే కొత్తవి వస్తాయి; ఒక్కోసారి ఏమీ ఉండదు, ఒక్కోసారి మనసుకి నచ్చింది ఉంటుంది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం జీవి ఎంత ఓపిగ్గా మీట నొక్కుతుందో మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీదా ఎలుకల మీదా ఎప్పుడో చూపించాడు. ఎంత జరిపినా అడుగు తగలని పేజీని, అంటే ఇన్ఫినిట్ స్క్రోల్‌ని, 2006లో రూపొందించినవాడు ఏజా రాస్కిన్. తర్వాత ఆయనే దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. పుస్తకానికి అధ్యాయం అయిపోతుంది, పేపరుకి ఆఖరి పేజీ ఉంటుంది. ఫీడ్‌కి అలాంటి గుమ్మం ఏదీ లేదు కాబట్టి ఆగే బాధ్యత మొత్తం మన మీద పడింది.

ఈ అలవాటుకి జనం వేసే కట్లు మూడు రకాలు: టైమర్, అడ్డంకి, దూరం.

టైమర్ అందరూ మొదట పట్టుకునేది. ఫలానా యాప్ రోజుకి అరగంట అని పెడతాం. అరగంట అవగానే తెర మీద హెచ్చరిక వస్తుంది, దాని కిందే ‘ఇవాళ్టికి వదిలేయ్’ అనే అర్థం వచ్చే బటన్ కూడా ఉంటుంది. కంచే చేను మేయడం అంటే ఇదే. వారం తిరిగేసరికి ఆ బటన్ నొక్కడం కూడా చేతికి అలవాటైపోతుంది. అప్పుడు మనకి రెండు అలవాట్లు. టైమర్ పనిచేయాలంటే పాస్‌కోడ్ మన దగ్గర ఉండకూడదు. నాది మా అక్క దగ్గర పెట్టాను. మొదటి వారంలో రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, “అక్కా, ఆ నంబరు ఒక్కసారి చెప్పవూ, చిన్న పనుంది” అన్నాను. “ఏం పనిరా?” అంది. చెప్పలేకపోయాను. ఆ రాత్రి తొందరగా పడుకున్నాను.

రెండోది అడ్డంకి. యాప్ పూర్తిగా మూయకుండా, లోపలికి వెళ్ళే దారిలో చిన్న రాయి వేయడం. ‘వన్ సెక్’ అనే యాప్ ఇదే చేస్తుంది. మీరు ఇన్‌స్టాగ్రామ్ నొక్కితే ముందు ఒక ఊపిరి తీసుకోమంటుంది, తర్వాత “ఇంకా వెళ్ళాలనుందా?” అని అడుగుతుంది. 280 మందితో ఆరు వారాలు చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ ప్రశ్న వచ్చినప్పుడు నూటికి 36 సార్లు జనం వెనక్కి తిరిగారు. చేతి అలవాటుకి ఇది సరిగ్గా సరిపోయే మందు, ఎందుకంటే ఆ చెయ్యి మనల్ని అడక్కుండా వెళ్ళింది. అడిగితే చాలాసార్లు వద్దనేవాళ్ళమే. యాప్ తీసేసి బ్రౌజర్‌లో, అదీ ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టి, చూడటం కూడా ఈ జాతిదే, దీనికి కొత్తగా ఏదీ పెట్టుకోనక్కర్లేదు. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి పాతది చెరిపేస్తే హోమ్ పేజీ ఖాళీగా వస్తుంది. 2023 నుంచి అలా చేశారు. కావలసింది వెతుక్కుని చూస్తాం, వద్దన్నది కంటపడదు. నాకు తెలిసిన చిట్కాల్లో ఇంత తక్కువ కష్టంతో ఇంత పనిచేసింది ఇంకోటి లేదు.

నలుపు తెలుపు తెర కూడా అడ్డంకి కిందికే వస్తుంది. 2020లో విద్యార్థులతో చేసిన ఒక అధ్యయనంలో రోజుకి సుమారు 38 నిమిషాల వాడకం తగ్గింది. నాకు మాత్రం ఫోటో చూడాలన్నా, మ్యాపులో ట్రాఫిక్ రంగు తెలియాలన్నా మళ్ళీ రంగులు పెట్టుకోవాల్సి వచ్చేది. అలా పెట్టాక తీయడం మర్చిపోయేవాణ్ణి. రాత్రి పూటకే వాడుకోండి. ఆండ్రాయిడ్ బెడ్‌టైమ్ మోడ్‌లో అది దానంతటదే వచ్చి పొద్దున పోతుంది.

మూడోది దూరం. ఫోన్ ఇంకో గదిలో ఉండటం, అంతే. దీనికి టెక్నాలజీ లేదు కాబట్టి ఎవరూ గొప్పగా చెప్పరు. 2017లో ఆడ్రియన్ వార్డ్ బృందం ప్రచురించిన ప్రయోగాల్లో, సైలెంట్‌లో ఉన్న ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టుకున్నవాళ్ళకంటే వేరే గదిలో పెట్టొచ్చినవాళ్ళు ధ్యాస అవసరమైన పరీక్షల్లో మెరుగ్గా చేశారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో కొన్నిటిలో ఆ తేడా కనిపించింది, కొన్నిటిలో లేదు. కాబట్టి దాన్ని వేదవాక్కుగా చెప్పను. కానీ చేతి అలవాటు విషయంలో దూరానికి పరిశోధన కూడా అక్కర్లేదు. లేచి నడిచి వెళ్ళి తెచ్చుకోవాలంటే అలవాటు అక్కడే తెగుతుంది. నడిచేలోపు మెదడు నిద్ర లేస్తుంది.

దూరంలో అన్నిటికంటే లాభసాటి చోటు పడకగది. ఛార్జర్ బయట పెట్టి, ఒక అలారం గడియారం కొనండి. “అలారం కోసమే ఫోన్ పక్కన పెట్టుకుంటున్నా” అనే సాకు ఆ గడియారంతో పోతుంది. నిద్ర చెడేది తెర వెలుగు వల్లేనని అంటుంటారు గానీ, నా అనుభవంలో వెలుగు కంటే తెర మీద ఉన్న గొడవే ఎక్కువ మేలుకొలిపింది. ఎలాగైనా ఫోన్ గది బయట ఉంటే రెండూ ఉండవు. సమయం అయ్యేదాకా తెరుచుకోని టైమర్ పెట్టెలు, తాకిస్తేనే యాప్‌లు తెరుచుకునే చిన్న అయస్కాంతం లాంటి పరికరాలు కూడా అమ్ముతున్నారు. పనిచేస్తాయి. కానీ బీరువా కూడా అదే పని చేస్తుంది.

తప్పించుకోవడానికి వాడుతుంటే

పైన చెప్పినవేవీ దీని మీద పెద్దగా పనిచేయవు. గంటన్నర కూర్చుందామని నిశ్చయించుకున్న మనిషిని ఒక ఊపిరి ఆపుతుందా? ఇక్కడ అసలైన సెలవు కావాలి, రోజుల లెక్కలో. ప్రశ్న ఏమిటంటే కొంచెం కొంచెం తగ్గించుకోవడమా, ఒక్కసారిగా ఆపడమా?

రెండిటికీ చెప్పుకోదగ్గ ప్రయోగాలున్నాయి. తగ్గించుకోవడం వైపు: పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మెలిస్సా హంట్ బృందం 143 మంది విద్యార్థుల్ని తీసుకుని, కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకి పది నిమిషాలే చూడమంది. మూడు వారాల తర్వాత వాళ్ళలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. 2018లో ప్రచురించారు. పూర్తిగా ఆపడం వైపు: 2018 అమెరికా మధ్యంతర ఎన్నికలకి ముందు, ఆర్థికవేత్తలు హంట్ ఆల్కాట్, మాథ్యూ జెంట్‌కో తదితరులు రెండు వేల ఏడు వందలకి పైగా ఫేస్‌బుక్ వాడకందార్లని ఎంచుకుని, కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు అకౌంట్ ఆపించారు.

ఈ రెండోదాన్ని నేను ఎక్కువగా గుర్తు పెట్టుకున్నాను, ఫలితాలు తియ్యగా లేవు కాబట్టి. రోజుకి దాదాపు గంట మిగిలింది. ఆ గంట ఇంకో సోషల్ మీడియాకి పోతుందని ఎవరైనా అనుకుంటారు. పోలేదు, మిగతా ఆన్‌లైన్ వాడకం కూడా తగ్గింది. టీవీ ముందు ఒంటరిగా కూర్చోవడం పెరిగింది, ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో గడపడం కూడా పెరిగింది. రాజకీయ ఆవేశాలు కొంత చల్లబడ్డాయి, దాంతోపాటే వార్తల పరిజ్ఞానం కూడా తగ్గింది. సంతోషం పెరిగింది, కానీ కొంచెమే. మానేస్తే జీవితం మారిపోతుందని చెప్పేవాళ్ళ మాట ఇక్కడ తేలిపోతుంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది వేరే: నాలుగు వారాల గడువు తీరాక, తిరిగి వెళ్ళే స్వేచ్ఛ ఉన్నా, వాళ్ళ వాడకం మునుపటికంటే బాగా తక్కువగానే ఉండిపోయింది.

కాబట్టి నా సలహా ఇది. తప్పించుకోవడం కోసం వాడేవాళ్ళకి పది నిమిషాల నియమం కష్టం. పది నిమిషాలు తెరిచాక మూయాలంటే రోజూ ఒక యుద్ధం. ఒక్క నెల పూర్తిగా ఆపితే యుద్ధం మొదటి నాలుగైదు రోజులే. అన్నీ ఆపక్కర్లేదు, మిమ్మల్ని గంటలకొద్దీ కట్టిపడేసే ఆ ఒక్క యాప్‌ని ఆపండి. నిగ్రహం బాగానే ఉండి, ఆ యాప్ పనికి కూడా కావలసినవాళ్ళు పది నిమిషాల దారి పట్టొచ్చు.

ఇంకో మాట. ఆ గంటలో ఏం చేస్తారో ముందే రాసుకోండి, అదీ చిన్నగా. “పుస్తకాలు చదువుతాను” అంటే కుదరదు. ఏ పుస్తకం, ఏ కుర్చీ, ఎన్నింటికి. ఖాళీ గంటకి ఏదో ఒకటి పెట్టకపోతే, మీరు ఏ దిగులు నుంచి పారిపోతున్నారో అదే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం అలాగే ఉంటే డాక్టర్ని కలవండి. అప్పుడు ఫోన్ అసలు జబ్బు కాదు, దాని మీద కప్పిన దుప్పటి.

ఆపడం, చెరిపేయడం: ఇక్కడ జాగ్రత్త

యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మీ ఫోన్‌లోంచి పోతుంది, అకౌంట్ అలాగే ఉంటుంది, అందరికీ కనిపిస్తుంది. డీయాక్టివేట్ చేస్తే మీ పేజీ దాక్కుంటుంది, తిరిగొస్తే అన్నీ అక్కడే ఉంటాయి. డిలీట్ చేస్తే పోయినట్టే. నెల సెలవుకి మధ్యదే సరైనది. కానీ ఒక్కో కంపెనీ దగ్గర ఆ మాటకి ఒక్కో అర్థం. ఫేస్‌బుక్‌లో డీయాక్టివేట్ చేసి ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, మెసెంజర్ వాడుకోవచ్చు కూడా. డిలీట్ నొక్కితే 30 రోజుల్లోపు మనసు మార్చుకునే వీలుంటుంది. వేరే వెబ్‌సైట్‌లో ‘ఫేస్‌బుక్‌తో లాగిన్’ నొక్కితే మాత్రం ఆపిన అకౌంట్ మీకు తెలియకుండానే లేచి కూర్చుంటుంది. ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, కథ వేరు: డీయాక్టివేట్ చేసి మామూలు గడువైన 30 రోజుల్లో తిరిగి రాకపోతే అకౌంట్ శాశ్వతంగా పోతుంది. స్నాప్‌చాట్ కూడా అంతే. నెల సెలవనుకుని ముప్ఫై ఒకటో రోజు వెళ్ళి లబోదిబోమంటే లాభం లేదు.

వాట్సాప్‌లో డిలీట్ అకౌంట్ నొక్కితే గ్రూపులన్నిటి నుంచీ తీసేస్తుంది, పాత మెసేజ్‌లు చెరిపేస్తుంది. దాన్ని సెలవుకి వాడకండి, నోటిఫికేషన్లు ఆపితే చాలు. ఏది ఆపినా ముందు మీ ఫోటోలు, డేటా ఒక కాపీ దింపుకోండి. శాశ్వతంగా డిలీట్ చేయడం గురించి నేను పెద్దగా చెప్పను. ఒక నెల ఆపి చూశాక, తిరిగి వెళ్ళాలని ఒక్కసారి కూడా అనిపించనివాళ్ళు నిశ్చింతగా చేసుకోవచ్చు. కోపంలో ఉన్న రాత్రి మాత్రం వద్దు.

కీప్యాడ్ ఫోన్ సంగతి

స్మార్ట్‌ఫోన్‌నే పక్కన పెట్టేయడం ఈ మధ్య ఒక ముచ్చటగా మారింది. నోకియా 3310ని 2017లో మళ్ళీ తెచ్చారు. పంక్ట్, లైట్ ఫోన్ లాంటి కంపెనీలు తక్కువ పనులు చేసే ఫోన్లనే స్మార్ట్‌ఫోన్ ధరకి దగ్గరగా అమ్ముతున్నాయి. తక్కువ చేసే వస్తువుకి ఎక్కువ డబ్బివ్వడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నేను మామూలు కీప్యాడ్ ఫోన్‌తో మూడు వారాలున్నాను. మొదటి వారం హాయిగా ఉంది, ఒప్పుకోవాలి. ఛార్జింగ్ రోజుల తరబడి ఆగింది, జేబు తేలికైంది. రెండో వారం నుంచి బతుకు చిల్లరగా తయారైంది. ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ పర్వాలేదు, కానీ యాప్‌లోనే ఒప్పుకోవాల్సిన లాగిన్లు ఆగిపోయాయి. దారి తెలియదు, టికెట్ చూపించలేను, అందరూ వాట్సాప్‌లో మాట్లాడుకున్నది నాకు మర్నాడు తెలిసేది. పక్కవాళ్ళ ఫోన్ అడుక్కోవడం మొదలైంది. నేను ఫోన్ మానలేదు, నా ఫోన్ బరువు వాళ్ళ మీద వేశాను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది.

అలాగని ఇది ఎవరికీ పనికిరాదని అనను. పనులన్నీ కంప్యూటర్ మీదే చక్కబెట్టుకోగలిగేవాళ్ళకి, పరీక్షల ముందు రెండు నెలలు తలుపేసుకుని కూర్చునే విద్యార్థులకి, పిల్లలకి మొదటి ఫోన్ ఇవ్వాలనుకునే తల్లిదండ్రులకి ఇది మంచి ఎంపికే. కొనేవాళ్ళు ఒకటి చూసుకోవాలి: చాలా దేశాల్లో 2జీ, 3జీ నెట్‌వర్క్‌లు మూసేస్తున్నారు, కాబట్టి 4జీలో కాల్స్ మాట్లాడగల కీప్యాడ్ ఫోన్ అయితేనే తీసుకోండి. స్మార్ట్‌ఫోన్‌ని సిమ్ లేకుండా ఇంట్లో పెట్టుకుని, బయటికి కీప్యాడ్ ఫోన్ తీసుకెళ్ళే రెండు ఫోన్ల ఏర్పాటు చేసుకున్నవాళ్ళు నాకంటే ఎక్కువ కాలం నిలబడ్డారు.

కొనకముందు దాని రుచి చూసే దారి ఒకటుంది: ఉన్న ఫోన్‌లోనే ఇంటర్నెట్ ఆపేయడం. 2025లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 467 మందిని తీసుకుని రెండు వారాలు సరిగ్గా ఇదే చేయించారు. కాల్స్, ఎస్ఎంఎస్‌లు ఉంటాయి, నెట్ కావాలంటే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాలి. ధ్యాస, మానసిక ఆరోగ్యం, జీవితం మీద తృప్తి మూడూ మెరుగయ్యాయి. కానీ పద్నాలుగు రోజుల్లో కనీసం పది రోజులైనా నియమం పాటించగలిగింది పాల్గొన్నవాళ్ళలో దాదాపు నాలుగో వంతే. కావాలని చేరినవాళ్ళ సంగతే అది. కాబట్టి మొదటి ప్రయత్నానికే ఇటు రాకండి.

వారానికో రోజు సెలవు, విహార శిబిరాలు

వారంలో ఒక రోజు ఫోన్ ముట్టకపోవడం ఇంటిల్లిపాదీ కలిసి చేస్తే బాగుంటుంది. ఒక్కరే చేస్తే మిగతావాళ్ళు తెరల్లో ఉండగా మీరు గోడలు చూస్తూ కూర్చుంటారు. అలవాటుని ఇది పెద్దగా మార్చదు, మర్నాడు బాకీ తీర్చుకున్నట్టు రెట్టింపు చూసినవాళ్ళు నాకు తెలుసు. ఫోన్లు తీసుకుని తాళం వేసే శిబిరాల గురించి ఒక్క మాట చాలు: అక్కడ మీకు హాయినిచ్చేది ఫోన్ లేకపోవడం ఎంతో, పని లేకపోవడం కూడా అంతే. ఇంటికి రాగానే రెండూ తిరిగొస్తాయి.

ఎవరు ఏది

ఉద్యోగరీత్యా ఎప్పుడంటే అప్పుడు కాల్ అందుకోవాల్సినవాళ్ళు నోటిఫికేషన్ల దగ్గరే ఆగండి, పడకగది నియమం కూడా డ్యూటీ లేని రోజులకే. చిన్న పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్ళు దూరం పద్ధతి పట్టుకుంటే మేలు. పిల్లలు మన మాట వినకపోయినా మన చేతుల్ని చూస్తారు. రీల్స్, షార్ట్స్ ఒక్కటే సమస్య అయితే నెల సెలవు వరకూ పోకుండా ముందు యాప్ తీసేసి బ్రౌజర్‌లో చూడండి, యూట్యూబ్ హిస్టరీ ఆపండి. నలుగురినీ చూసి నా బతుకు ఇంతేనా అని కుంగేవాళ్ళకి టైమర్లు దండగ, నెల రోజులు ఆ యాప్ ఆపాల్సిందే. వార్తలు చూసి చూసి నిద్ర పోగొట్టుకునేవాళ్ళు రోజుకి ఒకసారి, పగటి పూట, ఒక్క చోట చదవండి.

అయినవాళ్ళకి దూరంగా ఉంటూ ఫోన్‌లోనే వాళ్ళని చూసుకునేవాళ్ళు, కదల్లేక ఇంట్లోనే ఉంటూ గ్రూపుల్లో తోడు వెతుక్కున్నవాళ్ళు ఎవరి మాటా విని మొత్తం ఆపకండి. మీకు ఫీడ్ వేరు, మనుషులు వేరు. ఫీడ్ తగ్గించుకుని కాల్స్ పెంచుకోండి.

రెండు పద్ధతులు ఒకేసారి మొదలుపెట్టకండి. ఏది పనిచేసిందో తెలియదు, ఒకటి చెడితే రెండూ వదిలేస్తాం. రెండు వారాలు ఒకటే. ఆ తర్వాత వెళ్ళి మొదటి వారం చూసుకున్న అంకెలతో పోల్చుకోండి.

తిరిగి వెళ్ళే రోజు

నెల సెలవు పెట్టేవాళ్ళు మొదటి రోజుకి చేసుకున్నంత ఏర్పాటు ఆఖరి రోజుకి చేసుకోరు. అర్ధరాత్రి గడువు తీరగానే పక్కలో పడుకుని యాప్ పెట్టుకుంటారు, తెల్లారేసరికి పాత మనిషి తయారు. నేను మొదటిసారి అలాగే చేశాను. రెండోసారి మధ్యాహ్నం పూట, కంప్యూటర్‌లో లాగిన్ అయ్యాను. ముందు ఫీడ్ చూడలేదు, ఫాలో అవుతున్నవాళ్ళ జాబితా తీశాను. నెల రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తు రానివాళ్ళని తీసేస్తూ పోతే సగానికి పైగా పోయారు. ఇన్‌స్టాగ్రామ్‌లో 2022 నుంచి మనం ఫాలో అయ్యేవాళ్ళవే, వచ్చిన వరసలో చూసే వీలుంది. సూచించే పోస్టుల్ని ముప్ఫై రోజులు ఆపే సెట్టింగ్ కూడా ఉంది. అవి రెండూ పెట్టుకున్నాను. యాప్ మళ్ళీ ఎక్కించినప్పుడు నోటిఫికేషన్లకి అనుమతి అడుగుతుంది, అదొక్కటి ఇవ్వలేదు. టైమర్ అరగంటకి పెట్టాను.

పాస్‌కోడ్ ఇప్పటికీ మా అక్క దగ్గరే ఉంది. ఎప్పుడు అడిగినా ఇస్తానంది. కాకపోతే ఏం పనో చెప్పమంటుంది.